ఇంకోసారి ఏడవమన్నారు

గ్రేస్‌కి కూర్చోబెట్టి పాట నేర్పినవాళ్ళెవరూ లేరు. ఇల్లందు చర్చిలో ఆదివారం పూజకి తల్లి ఇన్నమ్మ వెంట వెళ్ళి, ముందు వరుసలో కూర్చుని, పెద్దవాళ్ళు పాడేవన్నీ విని పట్టుకుంది. రెండో తరగతికి వచ్చేసరికి ఫాదర్‌గారు మైకు స్టాండు ఆ పిల్ల ఎత్తుకి దించమని చెప్పడం మొదలుపెట్టారు. అలా పెరిగిన పాట.

తండ్రి ఆంథోని బొగ్గుగనిలో టింబర్‌మన్. బొగ్గు తీసినచోట పైకప్పు కూలకుండా దుంగలు నిలబెట్టడం అతని పని. ఇన్నమ్మ గని దవాఖానాలో ఆయా. గనిలో ఎవరికి దెబ్బ తగిలినా ముందు ఆమె వార్డుకే తీసుకొస్తారు. మొగుడు దిగే చోటు ఎలాంటిదో తెలుసుకోవడానికి ఆమెకి ఒకరి మాట అక్కర్లేదు. స్ట్రెచర్ల మీద చూసింది.

2007 ఎండాకాలంలో ఒక టీవీ చానల్ ‘చిట్టి గొంతులు’ అని పిల్లల పాటల పోటీ పెట్టి, ఖమ్మంలో ఒక ఫంక్షన్ హాల్లో ఎంపికలు జరిపింది. గ్రేస్ ఏడో తరగతి పరీక్షలు రాసి ఖాళీగా ఉంది. ఊరికే చూసివద్దామని తీసుకెళ్ళారు. ఎంపికైంది. హైదరాబాదు రమ్మన్నారు. ఇన్నమ్మ దవాఖానాలో సెలవు పెట్టి, పిల్లని తీసుకుని వెళ్ళింది. వీధి వీధంతా బస్టాండు దాకా వచ్చి సాగనంపింది.

టీవీలో చూసినప్పుడు ఆ పోటీ ఒక గంట. అక్కడ ఆ గంట కోసం పిల్లల్ని తెల్లవారకముందే లేపి, మొహాలకి రంగు పూసి, వరండాలో బల్లల మీద కూర్చోబెట్టేవారు. వాళ్ళ వంతు వచ్చేసరికి సాయంత్రమయ్యేది. నిద్రతో తూలుతున్న పిల్లల్ని తట్టిలేపి స్టేజీ ఎక్కించేవారు. జనం చప్పట్లు ఎవరూ పాడకముందే తీసిపెట్టుకునేవారు. జడ్జీలు కళ్ళు తుడుచుకునేది వేరేగా తీసేవారు, ఆ టైములో స్టేజీ మీద ఉన్నది ఊడ్చే మనిషి. విజయవాడ నుంచి వచ్చిన ఒక పిల్లవాడు గ్రేస్‌తో బాగా కలిసిపోయి బిస్కెట్లు పంచుకుని తినేవాడు. వాడిచేత కెమెరా ముందు “గ్రేస్‌ని ఓడించేదాకా నిద్రపోను” అనిపించారు. చెప్పి దిగిపోయి వాడు గ్రేస్ దగ్గరకొచ్చి, నేను అనలేదు, వాళ్ళు అనమన్నారు అని సంజాయిషీ చెప్పుకున్నాడు.

ఇవన్నీ ఇన్నమ్మ చూసింది. టీవీ అంటే ఇలాగే ఉంటుంది కాబోలు అనుకుంది. పిల్ల పాడుతోంది, జనం మెచ్చుకుంటున్నారు, అది చాలు.

తల్లుల బాగోగులు చూసే అమ్మాయి పేరు దీపిక. డిగ్రీ అయిపోయి కొత్తగా ఉద్యోగంలో చేరింది. తల్లులందరితో ఆప్యాయంగా మాట్లాడేది, టీ తెచ్చి ఇచ్చేది. ఒకరోజు ఇన్నమ్మ పక్కన కూర్చుని, మీ ఇంట్లో ఏదైనా పెద్ద కష్టం ఉందా ఆంటీ అని అడిగింది. కష్టమేముంది, ఆయన బొగ్గుబాయికి పోతడు, నేను దవాఖానకు పోతా, పిల్ల బడికి పోతది అంది ఇన్నమ్మ. దీపికకి ఆ జవాబు నచ్చినట్టు లేదు. ఎవరికైనా జబ్బుందా, ఇల్లు కారుతుందా, నాన్నగారు తాగుతారా అని ఒకటొకటే అడిగింది. అవేవీ లేవు. చివరికి, నాన్నగారు గనికి వెళ్తుంటే పాపకి భయం వేయదా అని అడిగింది.

ఆ మాటకి ఇన్నమ్మ మనసు విప్పి చెప్పింది. షిఫ్టు వేళ కాని వేళలో సైరన్ మోగితే గ్రేస్ తింటున్న కంచం వదిలేసి గుమ్మంలోకి వచ్చి నిలబడుతుందని, తండ్రి సైకిల్ వీధి మలుపు తిరిగేదాకా లోపలికి రాదని, ఎంత పిలిచినా పలకదని చెప్పింది. ఒక ఆడపిల్ల అడిగితే ఇంకో ఆడమనిషి చెప్పుకునే మాట అది. దీపిక చెయ్యి పట్టుకుని విన్నది. విని వెళ్ళి డైరెక్టరుకి చెప్పింది.

డైరెక్టరు పేరు రామ్‌చందర్. అతను స్టేజీ దగ్గర కనిపించేవాడు కాదు. ఎక్కడో అద్దాల గదిలో కూర్చుని మైకులో మాట్లాడేవాడు.

ఆ తర్వాతి వారం ఇల్లందులో ఆంథోనికి ఫోన్ వచ్చింది. గ్రేస్‌కి సర్‌ప్రైజ్ ఇద్దాం అంకుల్, మీరు రండి, ఆంటీకి కూడా చెప్పకండి అంది దీపిక. ఆంథోని సంబరపడిపోయాడు. సెలవు పెట్టి, కొత్త చొక్కా కుట్టించుకుని, కూతురికి ఇష్టమని సున్నుండలు కొనుక్కుని బస్సెక్కాడు. స్టూడియోలో అతన్ని వెనకదారిన తీసుకెళ్ళి, స్టేజీ వెనక ఒక గదిలో కూర్చోబెట్టి తలుపు వేశారు. పిలిచినప్పుడు నవ్వుతూ నడిచి రావాలని చెప్పారు. అంతకు మించి ఒక్క ముక్క చెప్పలేదు.

ఆ మధ్యాహ్నం గ్రేస్ బాగా పాడింది. జడ్జీలు లేచి నిలబడి మెచ్చుకున్నారు. యాంకరమ్మ పిల్ల పక్కకి వచ్చి భుజం మీద చెయ్యి వేసింది. ఆమె మొహంలో నవ్వు పోయింది.

“గ్రేస్, నీకొక విషయం చెప్పాలి. ఇప్పుడే ఇల్లందు నుంచి ఫోన్ వచ్చింది. మీ నాన్నగారు పనిచేసే గనిలో పైకప్పు కూలింది.”

అని ఆగింది. కెమెరా పిల్ల మొహం దగ్గరికి వచ్చేదాకా ఆగింది.

జనంలో కూర్చున్న ఇన్నమ్మ లేవబోయింది. వెనకనుంచి ఎవరో భుజాలు పట్టుకుని కూర్చోబెట్టారు. దవాఖానా వార్డులో బొగ్గుపొడి అంటిన పాదాలు కళ్ళముందు కనిపించాయి. మొహం గుర్తుపట్టే వీల్లేకపోతే పాదాలు చూసే పేరు రాయించుకుంటారు. ఆమె అవి ఎన్నిసార్లు కడిగిందో.

గ్రేస్ వెంటనే ఏడవలేదు. యాంకరమ్మ మొహంలోకి చూసి, “ఏ షిఫ్టు?” అని అడిగింది.

యాంకరమ్మకి ఆ ప్రశ్న అర్థం కాలేదు. ఆమె కాగితంలో దానికి జవాబు లేదు. అద్దాల గదిలోంచి చెవిలో ఏం చెప్పారో, “ఇప్పుడు నడుస్తున్న షిఫ్టే నాన్నా” అంది.

మొదటి షిఫ్టు. ఆ వారం తండ్రిది మొదటి షిఫ్టని గ్రేస్‌కి తెలుసు. పిల్ల నిలబడ్డచోటే కూలబడిపోయింది. వాళ్ళు తొడిగిన తెల్లగౌను కింద స్టేజీ తడిసింది. పన్నెండేళ్ళ పిల్ల, అంతమంది ముందు, అన్ని లైట్ల కింద.

సరిగ్గా అప్పుడు సంగీతం పెట్టారు. స్టేజీ వెనక తలుపు తెరుచుకుంది. కొత్తచొక్కా వేసుకుని, సున్నుండల డబ్బా చేత్తో పట్టుకుని, చెప్పినట్టే నవ్వుతూ ఆంథోని నడిచివచ్చాడు. మధ్యలోకి వచ్చాక కింద పడి ఉన్న కూతురిని చూశాడు. నవ్వు అలాగే ఉండిపోయింది, ఏం చేయాలో తెలియక.

గ్రేస్ తండ్రి దగ్గరకి పరిగెత్తలేదు. వెనక్కి జరిగింది. అతను వంగి ఎత్తుకోబోతే అతని రెండు చేతులూ పట్టుకుని తిప్పి తిప్పి చూసింది. వేళ్ళు తడిమింది. అప్పుడు వచ్చింది ఏడుపు. ఆ ఏడుపు విన్న కెమెరామన్లలో ఒకతను మొహం పక్కకి తిప్పుకున్నాడు.

పైనుంచి మైకులో రామ్‌చందర్ గొంతు వినిపించింది.

“కట్. సూపర్. కానీ నాన్నగారి ఎంట్రీ రెండో కెమెరాలో పడలేదు. పాపకి గౌను మార్పించండి, ఇంకోసారి చేద్దాం. పాపా, ఇందాక ఏడ్చినట్టే ఏడవాలి. సరేనా?”

తనని పట్టుకున్న చేతుల్ని ఇన్నమ్మ ఎలా విడిపించుకుందో ఆమెకే తెలియదు. స్టేజీ ఎక్కి, కొంగు తీసి పిల్ల నడుముకి చుట్టి, ఒళ్ళోకి లాక్కుంది. గౌను పట్టుకుని వచ్చిన మనిషిని అక్కడే ఆగమంది.

రామ్‌చందర్ అద్దాల గదిలోంచి దిగివచ్చాడు. చూడ్డానికి మర్యాదస్తుడిలాగే ఉన్నాడు. “అమ్మా, మీరు కంగారు పడకండి. చివరికి అంతా సంతోషమే కదా. ఇది చూసి రాష్ట్రమంతా ఏడుస్తుంది. పాపకి ఎస్సెమ్మెస్‌లు వరదలా వస్తాయి. తిన్నగా ఫైనల్‌కి వెళ్తుంది” అన్నాడు.

“మీ నాయిన సచ్చిండని చెప్పి, జరసేపు ఆగి, లేదు బతికే ఉన్నడంటే నువ్వు సంతోషపడ్తవా సారూ?”

“ప్రోగ్రాం కోసం చేసిందమ్మా. దాన్ని అంత దూరం తీసుకెళ్ళకండి. మీరు అగ్రిమెంటు మీద సంతకం పెట్టారు. మధ్యలో వెళ్ళడానికి లేదు.”

“నా బిడ్డ పాడ్తదని పెట్టిన సంతకం. మొగడు సచ్చిండని చెప్పించుకోనీకి పెట్టలే.”

ఆంథోనికి అప్పుడు గాని సంగతి అర్థం కాలేదు. నెమ్మదస్తుడు, గొంతు పెంచడం ఎరగడు. డబ్బా కింద పెట్టి, పక్కన నిలబడ్డ దీపికను చూసి, “బిడ్డా, నాకు గిది చెప్పలే నువ్వు” అన్నాడు. దీపిక తల ఎత్తలేదు. సార్ చెప్పమన్నంతే చెప్పానంకుల్ అని గొణిగింది.

“మేం రోజూ పొద్దుగాల సిలువ గుర్తు వేసుకొని దిగుతం,” అన్నాడు ఆంథోని రామ్‌చందర్‌తో. “పైకొచ్చిననాడు పైకొచ్చినట్టు. గది నీకు ఆటనా?”

రామ్‌చందర్ తర్వాత ఎవరి వంతో వాళ్ళని సిద్ధం చేయమని మనుషులకి చెప్పి వెళ్ళిపోయాడు.

ముగ్గురూ బయటికి నడిచారు. గేటు దగ్గరికి వచ్చేసరికి దుస్తుల విభాగం మనిషి పరిగెత్తుకుంటూ వచ్చి, ఆ గౌను కంపెనీది, ఇచ్చి వెళ్ళాలన్నాడు. సెక్యూరిటీ గది వెనక, గోడకీ తన చీరకొంగుకీ మధ్య ఇన్నమ్మ పిల్లకి బట్టలు మార్చింది. తడిసిన గౌనుని ఉండచుట్టి ఆ మనిషి చేతిలో పెట్టింది. మీ సారుకియ్యి అంది.

ఇంటికి వచ్చాక గ్రేస్ మాట్లాడటం తగ్గించేసింది. తండ్రి స్నానానికి వెళ్తే తలుపు బయట కూర్చునేది. సెలవు అయిపోయి అతను షిఫ్టుకి బయల్దేరిన పొద్దున సైకిల్ క్యారియర్ పట్టుకుని వదలలేదు. ఇన్నమ్మ ఒక్కొక్క వేలూ విడదీయాల్సి వచ్చింది. పాట సంగతి ఇంట్లో ఎవరూ ఎత్తలేదు.

అంతటితో పోతుందనుకున్నారు. పోలేదు.

ఒక సాయంత్రం సీరియళ్ళ మధ్య ఆ చానల్ ప్రకటన వేసింది. ఎర్ర అక్షరాలు, గుండెలదిరే సంగీతం, యాంకరమ్మ గొంతు: “ఇల్లందు నుంచి ఫోన్ వచ్చింది. గనిలో పైకప్పు కూలింది.” తర్వాత కూలబడుతున్న గ్రేస్. అంతే. తండ్రి నడిచి రావడం అందులో లేదు. ఏం జరిగిందో శనివారం చూడండి అన్న అక్షరాలు చివర్లో చిన్నగా వచ్చి పోయాయి.

పక్క క్వార్టర్లో ఉండే బుల్లెమ్మ ఆ సమయానికి వంటింట్లో ఉంది. ఆమె మొగుడు రెండో షిఫ్టులో భూమి కింద ఉన్నాడు. ముందుగదిలో టీవీ మాట చెవిన పడింది. చూడటానికి కూడా ఆగలేదు. పొయ్యి మీద కూర అలాగే వదిలేసి రోడ్డెక్కి పరిగెత్తింది. ఆమెని చూసి ఇంకొకరు, వాళ్ళని చూసి ఇంకో ఇద్దరు. కాసేపట్లో కాలనీలో సగంమంది ఆడవాళ్ళు గనిగేటు ముందు ఉన్నారు. ఒకామె బాలింత, చంకలో పసిబిడ్డ. దారిలో బుల్లెమ్మ కంకర మీద పడి మోకాలు చిట్లింది. రక్తం కారుతుండగానే గేటు చువ్వలు పట్టుకుని మొగుడి పేరు పిలుస్తూ నిలబడింది. లోపల ఏమీ కాలేదని గేటు మనిషి ఎంత చెప్పినా నమ్మలేదు. నిజంగా అయినప్పుడు కూడా మొదట అలాగే చెబుతారని వాళ్ళకి తెలుసు. షిఫ్టు అయిపోయి మగవాళ్ళు నల్లటి మొహాలతో పైకి వచ్చేదాకా ఒక్కరూ కదల్లేదు.

మర్నాడు వాళ్ళంతా కలిసి ఇన్నమ్మ ఇంటి మీదకి వచ్చారు. “నీ బిడ్డ టీవీల కనపడనీకి మా మొగుళ్ళను సంపుతవా వదినా?” అని అడిగింది బుల్లెమ్మ. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి.

ఇన్నమ్మ వాళ్ళని లోపలికి పిలిచి కూర్చోబెట్టి, జరిగింది జరిగినట్టు చెప్పింది. స్టేజీ తడిసిన సంగతి కూడా దాచలేదు. గ్రేస్ గుమ్మం దగ్గర నిలబడి ఉంది. చెప్పడం అయిపోయాక బుల్లెమ్మ లేచి, కుంటుకుంటూ వెళ్ళి పిల్ల తల మీద చెయ్యి వేసింది.

ఆంథోని, యూనియన్‌లో పనిచేసే ఇద్దరూ కలిసి చానల్‌కి ఫోన్ చేశారు. ఒకరు ఇంకొకరికి ఇచ్చారు, వాళ్ళు మరొకరికి ఇచ్చారు. చివరికి అటువైపు పాట పెట్టి వదిలేశారు. పోలీసు స్టేషన్‌కి వెళ్తే, జరిగింది హైదరాబాదులో కాబట్టి అక్కడే ఫిర్యాదు చేసుకోమన్నారు. గనిగేటు ముందు జరిగింది ఇల్లందులోనే కదా అని ఇన్నమ్మ అడిగింది. టీవీలో చెప్పిన అబద్ధానికి ఏ సెక్షనూ లేదమ్మా అన్నారు.

ఇక మిగిలింది కేబుల్ నడిపే లాలు. తండా నుంచి వచ్చి ఊళ్ళో కష్టపడి పైకొచ్చిన మనిషి. శనివారం ఆ ప్రోగ్రాం మన ఊళ్ళో రావద్దని ఆడవాళ్ళు అడిగితే మొదట ఒప్పుకోలేదు. చానల్ ఆపితే తన మీద కేసు పెడతారని, లైసెన్సు పోతుందని అన్నాడు. బుల్లెమ్మ చీర కుచ్చెళ్ళు కొంచెం పైకెత్తి మోకాలికి వేసిన కట్టు చూపించింది. లాలువాళ్ళ అన్న కూడా గనిలోనే పనిచేస్తాడు. వదిన ఆ సాయంత్రం గేటు దగ్గరే ఉందని అతనికి తెలుసు.

“శనివారం నా మిషన్ ఖరాబైతది. ఎవడేం జేసుకుంటడో జేసుకోనీ,” అన్నాడు.

ఆ శనివారం ఇల్లందులో ఆ చానల్ రాలేదు. దాని బదులు, గనిలో ఏ ప్రమాదమూ జరగలేదు, ఎవరూ భయపడవద్దు అన్న అక్షరాలు గంటసేపు నిలిచాయి.

కానీ మిగతా రాష్ట్రమంతా చూసింది. వాళ్ళేం చూపించారో తన కళ్ళతో చూడాలని ఇన్నమ్మ బోనకల్‌లో అన్న ఇంటికి వెళ్ళింది. గ్రేస్ అడిగిన “ఏ షిఫ్టు?” తీసేశారు. తడి కనపడకుండా నడుము పైభాగం మాత్రమే చూపించారు. ఆంథోని నవ్వుతూ నడవడం నెమ్మదిగా మూడుసార్లు చూపించారు. పిల్ల ఏడుపు శబ్దం తీసేసి వయొలిన్ పెట్టారు. గ్రేస్ తల్లి అని కింద పేరు వేసి, పట్టుచీర కట్టుకుని కళ్ళు ఒత్తుకుంటున్న ఎవరో ఆడమనిషిని చూపించారు. ఆమెని ఇన్నమ్మ ఎన్నడూ చూడలేదు. చివర, ఆరోగ్యం బాగాలేక గ్రేస్ పోటీ నుంచి తప్పుకుందని, త్వరగా కోలుకోవాలని కోరుకుందామని యాంకరమ్మ చేతులు జోడించింది. పక్కన కూర్చున్న వదిన కళ్ళు తుడుచుకుంటూ, బాగ తీసిండ్రు అంది. ఇన్నమ్మ ఆ పూట ఆ ఇంట్లో అన్నం తినలేదు.

కొన్నాళ్ళకి దీపిక ఫోన్ చేసింది. ఆ ఎపిసోడ్‌ని జనం చాలా చూశారట. ప్రేక్షకుల కోరికమీద గ్రేస్‌ని మళ్ళీ తీసుకుంటామని సార్ చెప్పమన్నారట.

“నీకు పెండ్లయిందా బిడ్డా?” అని అడిగింది ఇన్నమ్మ.

“లేదాంటీ.”

“అయినంక, నీకు పిల్లలు పుట్టినంక ఫోన్ చెయ్యి. అప్పుడు మాట్లాడ్త.”

దీపిక ఫోన్ పెట్టేయలేదు. గొంతు తగ్గించి, ఒక్క గ్రేస్‌కే కాదాంటీ, విజయవాడ బాబుకి కూడా ఊళ్ళో ఉన్న వాళ్ళ అమ్మకి యాక్సిడెంట్ అయిందని చెప్పారు, వాడికి రెండుసార్లు తీశారు అంది. చెప్పి ఏడ్చింది. ఇన్నమ్మకి ఆ ఏడుపు మీద జాలి కలగలేదు. తెలిసి కూడా ఆ నౌకరి ఎట్ల చేస్తున్నవు అని అడిగింది.

గ్రేస్ బడికి వెళ్ళింది, తినసాగింది, నవ్వసాగింది. క్రిస్మస్‌కి ఫాదర్‌గారు మైకు దగ్గరకి రమ్మంటే తల అడ్డంగా ఊపింది. ఆయన బలవంతం చేయలేదు. గుంపులో వెనక వరుసలో నిలబడి అందరితోపాటు పాడింది. ఒక్కతే పాడమంటే మాత్రం ఇప్పటికీ పాడదు. పాడి ఆపగానే ఎవరో వచ్చి ఏదో చెబుతారని దాని భయం. ఆ మాట ఒక్క బుల్లెమ్మకే చెప్పిందట.

మరుసటి ఎండాకాలం ‘చిట్టి గొంతులు’ రెండో విడతకి ఖమ్మంలో మళ్ళీ ఎంపికలు పెట్టారు. ఇన్నమ్మ సెలవు పెట్టి పొద్దున్నే బస్సెక్కింది. ఆంథోని వద్దనలేదు, నేను కూడా వస్తా అన్నాడు. నాకు ఒక్కదానికే పనుంది అంది.

ఫంక్షన్ హాలు బయట ఎండలో లైను రోడ్డు దాకా వచ్చింది. జడలు బిగించి, పౌడర్లు రాసి, పిల్లల్ని పట్టుకుని నిలబడ్డ తల్లులు. ఇన్నమ్మ లైను చివరినుంచి మొదలుపెట్టింది. ఒక్కొక్కరి దగ్గర ఆగి, నేను పోయినేడు పాడిన గ్రేస్ తల్లిని, టీవీలో చూపించినామె నేను కాదు అని చెప్పి, జరిగింది చెప్పుకుంటూ వచ్చింది. కొందరు పిచ్చిదన్నట్టు చూశారు. ఒకాయన, మీ పాపకి రాలేదని మా పిల్లలకి కూడా రావద్దా అన్నాడు. ఒక తల్లి పూర్తిగా విని, కొడుకు చెయ్యి పట్టుకుని ఆటో ఎక్కి వెళ్ళిపోయింది.

సత్తుపల్లి నుంచి వచ్చిన ఒకామె మాత్రం ఓపిగ్గా అంతా విని, “మరి ఆ రోజు ఇంకోసారి ఏడ్చుంటే మీ పాప ఫైనల్‌కి పోయేదాండీ?” అని అడిగింది. వెటకారం కాదు. నిజంగానే తెలుసుకోవాలని అడిగింది. ఆమె పక్కన తొమ్మిదేళ్ళ పిల్ల, రిబ్బన్ల జడలు, లోలోపల పాట వల్లెవేసుకుంటోంది.

“అవ్,” అంది ఇన్నమ్మ. “పోయేది.”

ఆమె కూతురి వైపు చూసింది, హాలు తలుపు వైపు చూసింది. లైను కదిలింది. ఆమె కదల్లేదు. వెనకవాళ్ళు విసుక్కుని ఆమెను దాటి ముందుకు పోయారు.

ఇంతలో సెక్యూరిటీ మనిషి వచ్చి, ఇక్కడ గొడవ చేయొద్దు, వెళ్ళిపొమ్మని కేకలేశాడు. ఇన్నమ్మ హాలు మెట్లు దిగి రోడ్డు మీదకి వచ్చి నిలబడింది. గిది సర్కారు రోడ్డు, నీ హాలు కాదు అని అతనికి చెప్పి, ఆటో దిగుతున్న మరో తల్లి దగ్గరకి నడిచింది.